హైదరాబాద్‌లో ఇంతెకాల్ అయిన మలబార్ వజీర్

1983 సెప్టెంబర్ 28న మన హైదరాబాద్‌లో కేరళ ఉప ముఖ్యమంత్రి సి.హెచ్. మహమ్మద్ కోయా ఇంతెకాల్ అయ్యారు. ఆయన ఉమర్ 56 ఏళ్లు. జనాజాను కోజికోడ్ తీసుకెళ్లారు. కేరళ ముసల్మాన్ల ఇళ్లల్లో ‘సి.హెచ్.’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. మన ఇళ్లల్లో మాత్రం ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో నేనూ వినలేదు. అఖ్బార్ నౌకరీలోకి వచ్చాకే తెలుసుకున్నాను.

ఆయన కూడా అఖ్బార్ మనిషే. 1927లో కోజికోడ్ దగ్గర అత్తోళిలో పుట్టారు. ముస్లిం లీగ్ పత్రిక ‘చంద్రిక’కు ఎడిటర్‌గా చేశారు. 1957లో మొదటి కేరళ అసెంబ్లీకి గెలిచారు. 1961లో ముప్పై మూడేళ్లకే స్పీకర్ అయ్యారు. కానీ కాంగ్రెస్ ఒక షరతు పెట్టింది: ఆ కుర్సీలో కూర్చోవాలంటే లీగ్ సభ్యత్వం వదలాలి. వదిలారు. లీగ్ ఓట్లు కావాలి, లీగ్ పేరు మాత్రం వద్దు. అప్పటి సియాసత్ అలా ఉండేది. కొన్ని నెలలకే ఆ కుర్సీకి రాజీనామా ఇచ్చి, 1962లో లీగ్ తరఫున లోక్‌సభకు వెళ్లారు.

1967లో హవా మారింది. కమ్యూనిస్టు నాయకుడు ఇ.ఎం.ఎస్. వజారత్‌లో లీగ్‌కు మొదటిసారి చోటు దొరికింది. కోయా తాలీమ్ శాఖ తీసుకున్నారు. నా నజర్‌లో ఆయన జిందగీలో అసలు ఫైసలా ఇదే. మలబార్ అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. చదువులో తిరువితాంకూర్, కొచ్చి కంటే చాలా వెనుక. రాష్ట్రానికంతా ఒకే యూనివర్సిటీ, అదీ తిరువనంతపురంలో. 1968లో తేన్హిపలంలో కాలికట్ యూనివర్సిటీ వచ్చింది. మరుసటి ఏడాది ఆ ఇలాఖాలోనే మలప్పురం జిల్లా ఏర్పడింది. దాన్ని ‘చిన్న పాకిస్తాన్’ అని గోల చేసినవాళ్లున్నారు. జిల్లా మాత్రం నిలిచింది.

ఎతరాజ్‌లు లేవని కాదు. 1967లో ఎర్రజెండాతో నడిచిన లీగ్, 1969లో మార్క్సిస్టులకు ఎదురుగా నిలబడింది. కుర్సీ కోసమే ఇదంతా అన్నారు. ఆ మాటలో కొంత సచ్చాయీ ఉంది. 1979లో కోయా ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు కూడా నిండలేదు, సర్కార్ పడిపోయింది.

అయినా నాకు ఆయన కెరీర్‌లో ఒక సబక్ కనిపిస్తుంది. మన దగ్గర మజ్లిస్ తాలీమ్ కోసం ట్రస్టు దారి పట్టింది; దారుస్సలాం ట్రస్టు 1984లో దక్కన్ మెడికల్ కాలేజీ తెరిచింది. అది కౌమ్ సొంతంగా కట్టుకున్నది, దాని ఇజ్జత్ దానిదే. కోయా పట్టింది సర్కారీ ఖజానా దారి. కాలికట్ యూనివర్సిటీ ఒక్క ముసల్మాన్లది కాదు, అక్కడ అందరి పిల్లలూ చదువుతారు. అందుకే ఏ సర్కార్ వచ్చినా దాన్ని మూసే హిమ్మత్ ఎవరికీ లేదు. కౌమ్ పార్టీ మనిషి వజీర్ అయి అందరికీ పనికొచ్చే ఇదారా కడితే, అందులో కౌమ్ హిస్సా కూడా మహఫూజ్‌గా ఉంటుంది.

కాబట్టి ఎలక్షన్లలో మన గల్లీకి ఓటడగడానికి వచ్చే సాహెబులను, ఏ పార్టీ వాళ్లనైనా సరే, ఒక్క సవాల్ అడుగుదాం: వజారత్ దొరికితే ఏ శాఖ అడుగుతారు, జనాబ్? జవాబు ‘తాలీమ్’ అని వస్తే చాయ్ పోసి కూర్చోబెట్టి, మిగతా మాటలు విందాం.