రక్తపోటు మందులు - జన్యుభేదాలు

అధిక రక్తపోటుకు వాడే మందులు అందరి శరీరంలోనూ ఒకే వేగంతో మార్పు చెందవు. కాలేయంలోని ఎంజైములను నిర్దేశించే జన్యువులలోని తేడాలు ఇందుకు ఒక ముఖ్య కారణం. వీటిని అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఔషధ జన్యుశాస్త్రం అంటారు.

మెటోప్రొలాల్‌ను ప్రధానంగా సి.వై.పి.2డి6 అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. ఈ ఎంజైము పనిచేయనివారి రక్తంలో మందు పరిమాణం పెరిగి, గుండె వేగం మరీ తగ్గవచ్చు. లోసార్టాన్ విషయం ఇందుకు భిన్నం. సి.వై.పి.2సి9 ఎంజైము దానిని మరింత శక్తిమంతమైన రూపంలోకి మారుస్తుంది. కనుక ఈ ఎంజైము మందగించినవారిలో మందు ప్రభావం తగ్గవచ్చు.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువగా, తార్నాక - హబ్సిగూడ ప్రాంతంలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) ఉంది. 1977లో స్థాపించబడిన ఈ సంస్థ భారతీయ జనసమూహాల జన్యువులను పరిశోధిస్తోంది. ఈ సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం ప్రకారం, తమలో తామే వివాహాలు చేసుకునే సమూహాలలో కొన్ని అరుదైన జన్యుమార్పులు అధికంగా కనిపిస్తాయి. వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించేందుకు ఇచ్చే ఒక మందు ప్రభావం ప్రమాదకరంగా పొడిగించబడడం ఇందుకు ఉదాహరణ. అందువలన ఇతర దేశాల జన్యు వివరాలు మాత్రమే ఇక్కడి రోగులకు సరిపోవు.

వయస్సు, మూత్రపిండాల స్థితి, ఇతర మందులు కూడా ఫలితాన్ని మారుస్తాయి. మందు పడనివారు దానిని తమంతట తాము ఆపరాదు. వైద్యుని సలహాతో మోతాదునో, మందునో మార్చుకోవాలి.