అంగడిలో మొదటి మనిషి

మళ్ళీ పొడుగ్గా రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు రిటైరయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

పోయిన ఆదివారం కూటంలో మన పిల్లవాడొకడు నన్ను పక్కకు పిలిచి అడిగినాడు. "మామా, పంపుల స్పేర్స్ అంగడి పెట్టి ఏడాదయింది. ఒక్కడివల్ల కావడం లేదు, ఒక మనిషిని పెట్టుకుంటున్నా. ఏమేమి రాసుకోవాల?" రైల్వేలో సర్వీస్ రిజిస్టర్లూ లీవు లెక్కలూ రాసి రాసి రిటైరయినవాణ్ణి కదా, అందుకని నన్ను అడిగినాడు.

కోయంబత్తూరు పక్క మనవాళ్ళ చరిత్ర అంటే మనం ముదలాళుల పేర్లే చెప్తాం. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్లు పెట్టినారు. జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచికీ పళనికీ మధ్య తానే తోలినారు. అంతకు ముందు ఆయన హోటల్లో సర్వరుగా సంబళానికి పనిచేసి, ఆ డబ్బుతో మోటారు సైకిలు కొన్నవారు. ఇదంతా మనకు కంఠపాఠం. కానీ బస్సులు పెరిగినప్పుడు ఎవరో ఒకరిని నమ్మి స్టీరింగు చేతికిచ్చి ఉంటారు కదా. ఆ మనిషి గురించి మన కూటాల్లో ఎవరమూ మాట్లాడం.

మా పెదనాన్నది మళిగ అంగడి. మొదట పెదనాన్న, పెద్దమ్మ, స్కూలు విడిచినాక మేము పిల్లలం. మాకు సంబళం లేదు, బెల్లం ముక్క ఉండేది. తర్వాత పదహారేళ్ళ పిల్లవాణ్ణి పనికి పెట్టుకున్నారు. అందరం తంబి అని పిలిచేవాళ్ళం. మూటలు దించడం, పొట్లాలు కట్టడం, సైకిల్లో ఇళ్ళకు సరుకు వెయ్యడం అంతా తంబే. పొద్దున ఆరుకు వస్తే రాత్రి తొమ్మిది దాటేది. దీపావళికి పంచె, చొక్కా, చేతిలో కొంచెం డబ్బు. పెదనాన్న చెడ్డవారు కాదు, తంబి పెళ్ళి ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. అయితే లెక్క పుస్తకంలో "తంబికి 10", "తంబికి 20" అంతే. తల నెరిసినా తంబే.

చట్టం లేక కాదు. మదరాసు రాష్ట్రంలో 1947లోనే అంగళ్ళ చట్టం వచ్చింది. అప్పుడు నెల్లూరూ తిరునెల్వేలీ ఒకే రాష్ట్రం. రోజుకు 8 గంటలు, వారానికి 48. వారంలో ఒక రోజు సెలవు. ఏడాది పనిచేస్తే సంబళంతో 12 రోజుల సెలవు. ఆరు నెలలు విడవకుండా పనిచేసినవాణ్ణి తగిన కారణం లేకుండా, ఒక నెల నోటీసో నెల సంబళమో ఇవ్వకుండా తీసెయ్యకూడదు. కూర్చోవడానికి సీటు ఇవ్వాలన్నది మాత్రం 2021లో గానీ తమిళనాడు చట్టంలో చేరలేదు. మా తంబి కూర్చున్నది బియ్యం మూట మీదే, అదీ పెదనాన్న భోజనానికి పోయినప్పుడు.

పెదనాన్న పోయినాక అన్నలు అంగడి అమ్మేసినారు. తంబి సొంతంగా చిన్న అంగడి పెట్టుకోవాలని బ్యాంకు లోనుకు పోతే, ఇన్నేళ్ళు ఎక్కడ పనిచేసినావు, కాగితం ఏదీ అని అడిగినారంట. నా దగ్గరకు వచ్చినాడు. తెల్ల కాగితం మీద రాసిద్దామని కూర్చుంటే అతని పూర్తి పేరు నాకు తెలియదు. ఊళ్ళో ఎవరెవరివో ఇంక్రిమెంట్లు, లీవులు తప్పు లేకుండా రాసినవాణ్ణి, మా ఇంటి అంగడి మనిషి పేరు అతన్నే అడిగి రాసినాను. ఆ కాగితం బ్యాంకులో చెల్లలేదు.

అందుకని మన పిల్లవాడికి చెప్పినాను. గ్రాట్యుటీ 10 మంది ఉన్న చోటికి, పీఎఫ్ మామూలుగా 20 మంది ఉన్న చోటికి. నీ ఒక్క మనిషికి అవి అందవు, ఆ లోటు నువ్వే చూడాల. వయసు 40 లోపలుంటే అటల్ పెన్షన్‌లో చేర్చు, కంతులో సగం నువ్వు కట్టు. సంబళం చేతికివ్వక బ్యాంకులో వెయ్యి. చేరిన తేదీ, పూర్తి పేరు, తండ్రి పేరు మొదటి రోజే రాయి. రిజిస్టరు నోటు కొనుక్కుని రమ్మన్నాను, గళ్ళు నేనే గీసిస్తాను.

మీ ఇంటి అంగడిలో, పట్టరలో, మగ్గం దగ్గర మొదట పనికి చేరినది ఎవరు? పేరు తెలిసినవాళ్ళు కింద రాయండి.