శరణాలయం నుంచి నివాస హక్కు వరకు: తెలుగునాట గృహహింస బాధితుల సహాయ వ్యవస్థల పరిణామం

గృహహింసకు గురైన స్త్రీకి సమాజం అందించిన సహాయాన్ని చారిత్రకంగా పరిశీలిస్తే ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఆమె ఎక్కడ ఉండాలి? తెలుగులో స్త్రీకి పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండు ఇళ్ళున్నాయి. పేరుకు రెండున్నా, రెండింటిలోనూ ఆమె ఉనికి ఇతరుల సమ్మతిపైనే ఆధారపడింది. మెట్టినింట దెబ్బలు తిన్న స్త్రీని పుట్టింటివారు నచ్చజెప్పి వెనక్కి పంపితే, ఆమె నిలవడానికి మూడో చోటు లేదు. ఆధునిక కాలంలో తెలుగునాట ఏర్పడిన సహాయ వ్యవస్థలు ఈ ప్రశ్నకు మూడు సమాధానాలిచ్చాయి. అవి శరణాలయం, రాజీ, నివాస హక్కు. ఒక సమాధానం వచ్చినంత మాత్రాన అంతకుముందుది తొలగిపోలేదు. నేటి సహాయ కేంద్రంలో మూడూ కలిసే ఉన్నాయి. వాటి మధ్య ఘర్షణను గుర్తించనిదే ఈ వ్యవస్థల పనితీరును అంచనా వేయలేమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శరణాలయ దశ

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం, ఆ తరువాత వితంతు శరణాలయాలను కూడా నెలకొల్పారు. బంధువుల ఇంటికి వెలుపల స్త్రీ గౌరవంగా నివసించగల సంస్థకు తెలుగునాట ఇవి తొలి నమూనాలు. అయితే వాటి నిర్వచనం వైధవ్యంపై ఆధారపడింది. భర్త జీవించి ఉండగా అతని చేతనే హింస అనుభవిస్తున్న స్త్రీని ఉద్దేశించి అవి ఏర్పడలేదు. ఆమె బాధ అప్పటికి సంస్కరణోద్యమం దృష్టిలో ప్రత్యేక సమస్యగా రూపుదిద్దుకోలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషితో ఈ నిర్వచనం విస్తరించింది. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేసింది. ఆశ్రయంతో సరిపెట్టక చదువును, జీవనోపాధిని దానితో ముడివేయడం ఆమె మార్గం. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. అదే సంవత్సరం చైనా పర్యటన అనంతరం, కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండాలని ఆమె ప్రతిపాదించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె మరణించి మూడేళ్ళయింది.

రాజీ దశ

1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం, 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడ్డాయి. వరకట్న మరణాలను ‘ప్రమాదాలు’గా చూసే ధోరణిని స్త్రీల ఉద్యమం ప్రశ్నించింది. దేశవ్యాప్తంగా సాగిన ఆందోళనల ఫలితంగా 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరహింస నేరమైంది. ఇది పెద్ద మలుపే. కానీ నేరచట్టం పరిధి నిందితుణ్ణి విచారించి శిక్షించడం వరకే. ఫిర్యాదు చేసిన రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఆ దశకంలోనే సంక్షేమ మండలి సాయంతో స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యంలో కుటుంబ సలహా కేంద్రాలు మొదలయ్యాయి. బాధితురాలి మాటను తీరిగ్గా వినే మనిషి ఒకరు ఉండటమే వీటి బలం. కుల పంచాయితీలో, పెద్దమనుషుల సమక్షంలో ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడేవారు. ఇక్కడ ఆమే మాట్లాడింది. అయితే పంచాయితీ భాష మాత్రం కేంద్రంలోకి కూడా వచ్చి చేరింది. ‘కాపురం చక్కబెట్టడం’, ‘సర్దుకుపోవడం’, ‘కలపడం’ అన్న మాటలు దంపతులిద్దరినీ సమాన బాధ్యులుగా నిలబెడతాయి. దెబ్బ కొట్టడం, దెబ్బకు ఎదురు మాట్లాడటం ఒకే తక్కెడలో తూగుతాయి. కుటుంబ న్యాయస్థానాల చట్టం సైతం తొలుత రాజీకి ప్రయత్నించవలసిన బాధ్యతను న్యాయస్థానంపై ఉంచింది. ఆస్తి, భరణ వివాదాలకు రాజీ మేలు చేయవచ్చు. హింస విషయంలో అది బాధితురాలిని హింస జరిగిన చోటికే తిరిగి పంపే సాధనంగా మారే ప్రమాదముంది.

నివాస హక్కు దశ

2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 మూల ప్రశ్ననే మార్చింది. శారీరక, లైంగిక హింసలతో పాటు మాటలతో, మానసికంగా పెట్టే హింసను, ఆర్థిక హింసను కూడా నిర్వచించింది. 17వ సెక్షన్ ప్రకారం, ఉమ్మడి నివాసంలో ఆస్తి హక్కు ఉన్నా లేకున్నా ఆమెకు నివసించే హక్కు ఉంటుంది. అవసరమైతే ఇల్లు విడిచి వెళ్ళవలసిందిగా పురుష ప్రతివాదిని న్యాయస్థానం ఆదేశించవచ్చు. ‘ఆమె ఎక్కడికి వెళ్ళాలి?’ అన్న చోట ‘ఆమె ఎందుకు వెళ్ళాలి?’ అన్న ప్రశ్న నిలిచింది.

ఈ హక్కు నిలదొక్కుకోవడానికి కాలం పట్టింది. అత్తమామల పేరున ఉన్న ఇల్లు ఉమ్మడి నివాసం కాదని 2006లో బత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త పేరున ఇల్లు లేని కుటుంబాల్లో ఈ వ్యాఖ్యానం చట్టాన్ని దాదాపు నిరర్థకం చేసింది. 2020లో సతీశ్ చందర్ ఆహుజా కేసులో న్యాయస్థానం ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చింది.

చట్టం రక్షణాధికారిని, సేవాసంస్థలను, ఆశ్రయ గృహాలను, వైద్య సదుపాయాలను ఒక గొలుసుగా కలిపింది. ఆ గొలుసులో కీలకమైనది గృహ సంఘటన నివేదిక. ‘కష్టాలు’, ‘గొడవలు’, ‘తలరాత’ అని చెప్పుకున్న అనుభవం ఈ పత్రంలో తేదీతో, స్థలంతో, హింస రకంతో నమోదవుతుంది. జీతం లాక్కోవడం, ఇంటిఖర్చుకు డబ్బివ్వకపోవడం కూడా హింసేనని తొలిసారి తెలుసుకునే స్త్రీకి ఆ నివేదిక ఒక కొత్త పదకోశం వంటిది.

తెలుగునాట ఈ పరిణామానికి సాహిత్యంతో ప్రత్యక్ష సంబంధముంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షిక పాఠకులు తమ సమస్యలను ఉత్తరాల్లో చెప్పుకునే వేదికైంది. 1993లో హైదరాబాదులో మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’, 2006లో బాధిత స్త్రీల కోసం హెల్ప్‌లైన్‌ను ప్రారంభించింది. ఉత్తరానికి జవాబు వారాల తరువాత వస్తుంది. ఫోనుకు జవాబు ఆ క్షణంలోనే అందుతుంది. అచ్చులో స్త్రీల అనుభవానికి పేరు పెట్టే పని, ఫోనులో వినే పనిగా కొనసాగింది.

సమకాలిక స్థితి

2015 ఏప్రిల్ 1 నుంచి అమలైన ‘సఖి’ కేంద్రాల పథకం వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, మానసిక ఆలంబన, తాత్కాలిక వసతి ఒకే కప్పు కింద అందించాలని సంకల్పించింది. ఇక్కడ వసతి అయిదు రోజులకు పరిమితం. ఆ తరువాత దీర్ఘకాలిక ఆశ్రయమో, న్యాయస్థానం నుంచి నివాస ఉత్తర్వో, పుట్టిల్లో ఉండాలి. మొదటి రెండూ సకాలంలో అందకపోతే, రాజీయే ఏకైక మార్గంగా కనిపిస్తుంది. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లోపు జరగాలని, దరఖాస్తును అరవై రోజుల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలని చట్టం చెప్పడం వెనుక ఈ గ్రహింపే ఉంది.

కౌన్సెలింగ్ స్వభావాన్ని సైతం 2006 నాటి నియమావళి స్పష్టం చేసింది. హింస పునరావృతం కాదన్న హామీ పొందడం దాని లక్ష్యం. తాను చేసిన హింసకు సమర్థన చెప్పుకొనే అవకాశం ప్రతివాదికి లేదు. ‘రెండు చేతులు కలిస్తేనే చప్పుడు’ అన్న పంచాయితీ తర్కాన్ని ఈ నియమం నేరుగా తిరస్కరిస్తుంది.

ముగింపు

శరణాలయం అవసరం తీరిపోలేదు. ప్రాణభయమున్న స్త్రీకి ఇల్లు విడవడమే రక్షణ. రాజీని సైతం, ఆమె నిజంగా కోరుకుంటే, కాదనలేం. కానీ ఈ రెండూ ఆమె ఎంపికలు కావాలంటే ముందుగా నివాస హక్కు ఆచరణలో అందాలి. నిలబడిన కాపురాల సంఖ్య సహాయ కేంద్రానికి కొలమానం కాజాలదు. ఆమె తాను కోరుకున్న చోట, భయం లేకుండా, ఆరు నెలల తరువాత కూడా ఉండగలుగుతోందా అన్నదే కొలమానం కావాలి.