గోషా గడపలో వైద్యం: గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పుట్టుక

తెలుగునాట పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో వెలసిన క్రైస్తవ మిషను ఆసుపత్రుల చరిత్రను వాటిని స్థాపించిన డాక్టర్ల జీవితచరిత్రలుగా చెప్పుకోవడం వాడుకైపోయింది. ముందు సముద్రాలు దాటి వచ్చిన ఒక వ్యక్తి సంకల్పం, తరువాత చందాలు, ఆ పైన భవనం అన్న వరసలో ఆ కథ నడుస్తుంది. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి విషయంలో ఈ వరస అబద్ధం కాదు గాని, అది స్త్రీల ఆసుపత్రిగానే ఎందుకు రూపుదిద్దుకున్నదన్న ప్రశ్నకు జవాబు వెతకవలసింది స్థాపకురాలు పుట్టిపెరిగిన పెన్సిల్వేనియాలో కంటే గుంటూరు లోగిళ్లలోనే.

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషనుకు ఆద్యుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ బోధకుడు, నందన కరువు జిల్లాను తుడిచిపెట్టిన పదేళ్లకు, 1842లో గుంటూరు చేరి, కలెక్టరు హెన్రీ స్టోక్సు ప్రాపకంతో పని మొదలుపెట్టాడు. మధ్యలో స్వదేశం వెళ్లినప్పుడు, యాభై దాటిన వయసులో బాల్టిమోరులో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకుని తిరిగివచ్చి పల్నాటిలో గురజాల కేంద్రంగా పనిచేశాడు. అంటే బోధతోపాటు మందు కూడా ఈ మిషనుకు దాదాపు మొదటినుంచీ ఉన్నదే. అయితే మగ వైద్యుడు ఎంతటివాడైనా ఆ మందు జనాభాలో సగానికి అందే వీలు అంతంతమాత్రం.

కొన్ని పెద్ద కులాల హిందూ కుటుంబాల్లోనూ, కలిగిన ముస్లిం కుటుంబాల్లోనూ స్త్రీలు పరపురుషుల కంటబడకుండా ఇంటి లోపలి భాగంలోనే మసలే ఆచారాన్ని గోషా అనీ, ఆ లోపలి భాగాన్ని జెనానా అనీ అనేవారు. ఈ ఆచారం వల్ల ఏర్పడిన లోటును సర్కారు గుర్తించడానికీ కాలం పట్టింది: మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకున్నది 1875లో, మద్రాసులో గోషా స్త్రీల ఆసుపత్రి వెలసిందీ, స్త్రీ వైద్యం కోసం లేడీ డఫరిన్ నిధి ఏర్పడిందీ 1885లో.

ఆనా సారా కుగ్లర్ గుంటూరు చేరింది ఈ రెండు తేదీల మధ్య, 1883లో. పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోరులో 1856లో పుట్టిన ఈమె, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొంది, ఆ తరువాత నోరిస్‌టౌను మానసిక చికిత్సాలయంలో పనిచేసింది. చిత్రమేమంటే, ఈమెను పంపిన లూథరన్ స్త్రీల సంఘం డాక్టరుగా పంపలేదు. వైద్య సేవకు మిషను ఇంకా సిద్ధపడకపోవడంతో ఈమె జెనానాల్లో చదువు చెప్పే పనిమీద వచ్చి, వైద్యాన్ని ఆ పని పక్కనే నడిపింది. 1885లో గాని ఈమెకు వైద్య మిషనరీ హోదా దక్కలేదు. గోషాను దాటి లోపలికి వెళ్లగలిగిన స్త్రీకి ఆమె సొంత సంస్థలోనే మరో గడప అడ్డుపడిందన్న సంగతిని చరిత్రకారులు తరచు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

ఆ కాలపు పురుడు ఎలా ఉండేదో చూస్తే ఈ ప్రవేశంలోని చిక్కు తెలుస్తుంది. ఇంట్లో గాలీ వెలుతురూ తక్కువైన ఒక మూలగదిని పురిటికి విడిచి, మంత్రసానిని, అంటే పురుడు పోసే స్త్రీని పిలిచేవారు. బొడ్డుతాడు కోయడం, మావి పాతిపెట్టడం మైలపనులు గనుక, వాటిని చేసే స్త్రీ ఎక్కువగా కింది కులాలనుంచే వచ్చేది. సుమారు పదిరోజులపాటు బాలెంతా ఆ గదీ పురిటిమైలలో ఉండేవి. ఆ మైల తీరేవరకు ఇంట్లోని మిగిలినవారు ఎడంగా మసలేవారు. విదేశీయురాలు తాకిన నీళ్లతో కలిపిన మందు పుచ్చుకోవడానికి ఒప్పుకోని ఇళ్లు కూడా ప్రాణంమీదికి వచ్చినప్పుడు పురిటిగది తలుపు తీయడానికి కారణం భయం ఒక్కటే కాకపోవచ్చు. అప్పటికే మైలపడిన గదిలో మరొక మైల చేయి కొత్తగా చెరిపేదేమీ లేదన్న లెక్క కూడా అందులో ఉండి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. మంత్రసానికి చోటిచ్చిన ఆచారమే దొరసానికీ చోటిచ్చిందన్నమాట.

ఇళ్లకు తిరిగి చేసే వైద్యానికి హద్దులున్నాయి. శస్త్రచికిత్స మూలగదిలో సాగేది కాదు. మొదట డిస్పెన్సరీ, అంటే మందులిచ్చి పంపే చోటు, తరువాత 1898లో యాభై పడకల ఆసుపత్రి వెలిశాయి. డిస్పెన్సరీలో వంతుకోసం కూర్చున్నవారికి బైబిలు స్త్రీలు, అంటే మతబోధకు మిషను నియమించిన స్థానిక క్రైస్తవ స్త్రీలు, వాక్యం చదివి వినిపించేవారు. మతబోధను వైద్యంనుంచి విడదీసి చూడడం మిషను ఉద్దేశం ఏనాడూ కాదు, దాన్ని దాచిపెట్టిందీ లేదు. వచ్చినవారిలో చాలామంది ఆ వాక్యం విని, సీసా పుచ్చుకుని, తమ దేవుళ్ల దగ్గరికే తిరిగి వెళ్లారు.

రోగి ఒంటరిగా ఆసుపత్రికి రావడం ఆనాటి అలవాటు కాదు. వెంట తల్లి, అత్త, వండిపెట్టేవారు, బండి తోలేవాడు వచ్చేవారు, వాళ్లకు తమ కులం కట్టుబాటు ప్రకారం పొయ్యి వెలిగించుకునే తావు కావలసివచ్చేది. పరాయి చేతివంట ముట్టనివారికి పడక దొరికి పొయ్యి దొరక్కపోతే ఆ పడకవల్ల ఉపయోగం ఉండేది కాదు. ఈ కొరతను తీర్చినవాడు మిషనుకు చెందినవాడు కాదు. ఏలూరు జమీందారూ తెలుగు కవీ అయిన మంత్రిప్రగడ భుజంగరావు, తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు దిగడానికి ఒక విడిది కట్టించాడు. యాత్రాస్థలాల్లో సత్రం కట్టించే పాత దానధర్మాన్నే ఆయన క్రైస్తవ ఆసుపత్రి వాకిట్లోకి తెచ్చాడు.

కుగ్లర్ 1930 జూలైలో గుంటూరులోనే మరణించింది. ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది. అయితే ఆ నలభై ఏడేళ్లలో రోగుల పక్కన ఎక్కువ పొద్దులు గడిపింది ఆమె కాదు, అక్కడ నర్సింగు నేర్చిన తెలుగు క్రైస్తవ స్త్రీలు. ఈ ప్రాంతపు లూథరన్ సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు గనుక, ఊరిబావి దగ్గరికి రానివ్వని ఇళ్ల ఆడపిల్లలే ఇక్కడ పెద్ద కులాల బాలెంతను పక్కకు తిప్పి పడుకోబెట్టారు, నాడి చూశారు, బిడ్డకు తొలి స్నానం పోశారు.