ఇండీ రాక్ ఆల్బమ్ ప్యాకేజింగ్ – చరిత్ర

పెద్ద రికార్డు కంపెనీల ఆజమాయిషీ లేని చిన్న లేబుళ్ళూ వాటితో పనిచేసే రాక్ బృందాలూ తమ రికార్డుకు తయారు చేయించుకునే అట్ట, లోపలి కవరు, మధ్యనుండే లేబుల్, చిన్న పుస్తకం, పెట్టె వీటన్నిటి రూపకల్పన ఈ అంశం కిందికి వస్తుంది. 1970ల చివర బ్రిటన్‌లో, ఆ వెంటనే అమెరికాలో ఇది ఒక ప్రత్యేక ధోరణిగా నిలబడింది. దీన్ని నడిపించినవి రెండే: చేతిలో డబ్బు లేకపోవడం, ‘ఇలా కుదరదు’ అని చెప్పే పై అధికారి లేకపోవడం. మొదటిది కుర్రాళ్ళ చేత కత్తెర, జిగురు పట్టించింది. రెండోది లాభానికే ఎసరు పెట్టే అట్టలనూ అచ్చు వేయించింది.

పూర్వరంగం

నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు ఎక్కువగా మట్టిరంగు కాగితపు కవర్లలో వచ్చేవి. అమెరికాలో కొలంబియా కంపెనీ ఆర్ట్ డైరెక్టర్ అలెక్స్ స్టైన్‌వైస్ 1940లో రోజర్స్, హార్ట్ పాటల సంపుటికి బొమ్మతో అట్ట వేయించాడు. 1948లో ఎల్పీ వచ్చినప్పుడు దానికి తగిన పలుచని అట్ట కవరును రూపొందించిన ఘనత కూడా అతనిదే. 1960ల నాటికి అట్ట అనేది పెద్ద కంపెనీల ప్రచార విభాగం సొత్తయింది. దుకాణంలో వరసగా నిలబెట్టిన రికార్డులను వేళ్ళతో తిరగేసేవాడికి బృందం పేరు పైభాగంలోనే కనబడాలి, గాయకుడి మొహం కనబడాలి అన్నది ఆ విభాగపు సూత్రం.

ఖర్చుల పట్టికే అలంకారం

1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం దాదాపు 500 పౌండ్లు అప్పు తెచ్చి ‘స్పైరల్ స్క్రాచ్’ అనే నాలుగు పాటల రికార్డును సొంతంగా విడుదల చేసింది. మొదట వేసింది వెయ్యి ప్రతులు. ముందువైపు ఒక పోలరాయిడ్ ఫొటో. ఏ పాటను ఎన్నోసారి పాడినప్పుడు రికార్డు చేశారో కూడా అట్ట మీద అచ్చేశారు. మరుసటి ఏడాది లండన్ బృందం స్క్రిట్టి పొలిట్టి తమ తొలి సింగిల్ అట్టను జిరాక్స్ తీసి, రికార్డింగుకు ఎంతయింది, ప్రతులు తీయడానికి ఎంతయింది, లేబుళ్ళకు ఎంతయింది అని లెక్కంతా దాని మీదే రాసేసింది. పాట విడుదల చేయడం బ్రహ్మవిద్య కాదని కొన్నవాడికి చెప్పడమే వాళ్ళ ఉద్దేశం. అందం సంగతి ఎలా ఉన్నా, అట్టకు ప్రచారం కాక ఇంకో పని కూడా ఉంటుందని అర్థమైంది ఇక్కడే.

ఫ్యాక్టరీ: పేరు లేని అట్టలు

ఈ చరిత్రలో పెద్ద అధ్యాయం మాంచెస్టర్‌లోని ఫ్యాక్టరీ రికార్డ్స్‌ది. 1978లో టోనీ విల్సన్, అలన్ ఇరాస్మస్ మొదలుపెట్టిన ఈ సంస్థలో రూపకర్త పీటర్ సావిల్ కూడా ఆది నుంచీ భాగస్వామి. సంస్థ క్రమసంఖ్యల్లో ఒకటో అంకె రికార్డుకు కాకుండా సావిల్ వేసిన పోస్టర్‌కు దక్కింది. ఆ పోస్టర్ ప్రదర్శన అయిపోయాకే అందిందని ప్రసిద్ధి. ఆలస్యం అతని అలవాటు, కొనసాగనిచ్చింది సంస్థ.

1979లో వచ్చిన జాయ్ డివిజన్ తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ముందువైపు బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. గరుకైన నల్ల అట్ట నడుమ కొండల వరసలా లేచిన తెల్లని గీతలు మాత్రమే ఉంటాయి. అవి సీపీ 1919 అనే పల్సార్ నక్షత్రం నుంచి వరసగా వచ్చిన రేడియో స్పందనలు. 1967లో జోసలిన్ బెల్ గుర్తించిన మొట్టమొదటి పల్సార్ అది, 1.337 సెకన్లకు ఒకసారి స్పందిస్తుంది. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ దగ్గర పనిచేసిన హెరాల్డ్ క్రాఫ్ట్ 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సిద్ధాంత గ్రంథంలో ఈ చిత్రం ఉంది. ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో అది బృందం వాళ్ళ కంటబడింది. తెల్ల కాగితం మీది నల్ల గీతలను సావిల్ నల్ల నేల మీద తెల్ల గీతలుగా తిరగేశాడు. అతను చేసింది దాదాపు అంతే, కానీ ఆ తిరగేయడంలోనే పనంతా ఉంది. గీసినాయనకు తన బొమ్మ రికార్డు మీదికి ఎక్కిందని చాలా ఏళ్ళ దాకా తెలియదు. నేడు ఆ గీతలున్న టీ షర్టు తొడుక్కునేవాళ్ళలో ఆ పాటలు విననివాళ్ళూ చాలామందే.

పేరు వేయకపోతే సరుకు ఎలా అమ్ముతారన్న సందేహం సహజం. రఫ్ ట్రేడ్ లాంటి చిన్న దుకాణాల్లో యజమానే ఈ రికార్డు వినమని చేతికిచ్చేవాడు. జాన్ పీల్ బీబీసీ రేడియో కార్యక్రమంలో విని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ ఉండేవారు. అందువల్ల అట్ట తన పేరు తాను చెప్పుకోవలసిన అవసరం తగ్గింది.

1980లో ద్యురుట్టి కాలమ్ బృందం తొలి ఆల్బమ్‌కు ఉప్పు కాగితంతో కవరు చేశారు. పక్కనున్న రికార్డుల అట్టలను గీకేయాలన్నది దాని కొంటెతనం. 1959లో ఫ్రెంచ్ రచయిత గీ డెబోర్ తన పుస్తకానికి వేయించిన ఉప్పు కాగితపు అట్ట దీనికి మూలం. ద్యురుట్టి కాలమ్ కవర్లను అంటించే కూలి పని జాయ్ డివిజన్ సభ్యులకు పడింది.

1983లో న్యూ ఆర్డర్ బృందం 12 అంగుళాల సింగిల్ ‘బ్లూ మండే’ మరీ ముదిరిన ఉదాహరణ. బృందం వాడుతున్న కంప్యూటర్ ఫ్లాపీని చూసి సావిల్ అట్టను ఆ ఆకారంలోనే చేశాడు. ఫ్లాపీకి ఉన్నట్టే కంతలు కోయించి, పేర్లను అక్షరాల్లో కాకుండా రంగు ముక్కల సంకేతంలో అచ్చు వేయించాడు. ఆ సంకేతం విప్పే చక్రం అదే ఏడాది వచ్చిన ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ వెనక అట్ట మీద ఉంది. ముందువైపేమో లండన్ నేషనల్ గ్యాలరీలోని ఫాంటాన్ లాటూర్ గులాబీల బుట్ట. కంతల ఖర్చు వల్ల ప్రతి కాపీకీ 5 పెన్నీలు నష్టమని విల్సన్ చెప్పేవాడు. ఇంకొకరు ఇంకో అంకె చెబుతారు. తర్వాతి ముద్రణల్లో కంతలు పోయాయి. బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ అదే కావడం వింత. 1992లో ఫ్యాక్టరీ దివాలా తీయడానికి అట్టలే కారణమనడం మాత్రం అన్యాయం. హసియెండా క్లబ్బు, ఆఫీసు భవనం, ఏళ్ళ తరబడి సాగిన రికార్డింగులు మింగినదే ఎక్కువ.

వాన్ ఆలివర్, పిక్సీస్

లండన్ లేబుల్ ఫోర్ ఏడీ అట్టలను చాలాకాలం చేసినవాడు వాన్ ఆలివర్. ఫొటోగ్రాఫర్ నైజెల్ గ్రియర్‌సన్‌తో కలిసి కాక్టో ట్విన్స్‌కూ, తర్వాత సైమన్ లార్బాలెస్టియర్ ఫొటోలతో పిక్సీస్‌కూ అట్టలు చేశాడు. 1989 నాటి పిక్సీస్ ఆల్బమ్ ‘డూలిటిల్’కు పాటల సాహిత్యం ముందే చేతికి రావడంతో, అందులోని కోతి, అంకెలు నేరుగా అట్ట మీదికి వచ్చాయి. సావిల్ అట్టలు చల్లగా, దూరంగా ఉంటాయి. ఆలివర్‌వి తుప్పు, బూజు, చర్మం అంటినట్టుంటాయి. పాటను అర్థం చేసుకుని వేసినవాడిగా ఆలివర్‌దే పై చెయ్యి.

అమెరికాలో చేతిపని

1980లో వాషింగ్టన్‌లో మొదలైన డిస్కార్డ్ లేబుల్ కుర్రాళ్ళు ఒక ఇంగ్లండ్ రికార్డు కవరును విప్పదీసి, దాని గీతల ప్రకారం కొత్తవి కత్తిరించి, మడిచి, అంటించుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో సావేజ్ రిపబ్లిక్ బృందానికి చెందిన బ్రూస్ లిచర్ లెటర్‌ప్రెస్ నేర్చుకుని, 1982లో తమ తొలి ఆల్బమ్ అట్టలను ముతక అట్టముక్కల మీద తానే అచ్చు వేశాడు. మన ఊళ్ళలో శుభలేఖలు, కరపత్రాలు వేసిన ట్రెడిల్ మిషన్ పద్ధతే ఇది. అక్షరం కాగితంలోకి దిగబడి వేలికి తగులుతుంది. ఆ స్పర్శను తర్వాత ఎందరో అనుకరించారు.

సీడీ కాలం, ఆ తర్వాత

సీడీ రావడంతో 31 సెంటీమీటర్ల చదరం 12కు కుదించుకుపోయింది; విస్తీర్ణంలో దాదాపు ఏడో వంతు. ప్లాస్టిక్ పెట్టె అందరిదీ ఒకటే. కొందరు పెట్టెనే మార్చారు. 1992లో గైడెడ్ బై వాయిసెస్ బృందం ‘ప్రొపెల్లర్’ 500 ప్రతులకు 500 వేర్వేరు అట్టలను చేత్తో చేసింది. వాటిని ఇప్పుడు సేకర్తలు వేల డాలర్లకు కొంటున్నారు. 1997లో స్పిరిచువలైజ్డ్ బృందం ఆల్బమ్‌ను రూపకర్త మార్క్ ఫారో మందుల ప్యాకెట్‌లా, రేకు చింపి సీడీ తీసుకునేట్టు చేశాడు. మాంట్రియల్ బృందం గాడ్‌స్పీడ్ యు! బ్లాక్ ఎంపరర్ తొలి రికార్డు కవరులో రైలు కింద నలిగిన పెన్నీ నాణెం ఉంటుంది.

పాట ఫైలుగా మారాక అట్ట తపాలా బిళ్ళంత బొమ్మయింది. 2007లో రేడియోహెడ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ను ఇష్టమొచ్చిన ధరకు డౌన్‌లోడ్‌గా ఇస్తూనే, స్టాన్లీ డాన్‌వుడ్ బొమ్మలతో 40 పౌండ్ల పెట్టెను అమ్మింది. 2010లో ఆర్కేడ్ ఫైర్ ‘ద సబర్బ్స్’ ఎనిమిది రకాల అట్టలతో వచ్చింది. 2022లో అమెరికాలో 4.1 కోట్ల వినైల్ రికార్డులు, 3.3 కోట్ల సీడీలు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత సంఖ్యలో వినైల్ సీడీని దాటడం అదే మొదటిసారి. 2023లో లుమినేట్ సంస్థ ప్రకటించిన సర్వే ప్రకారం, అక్కడ అంతకుముందు ఏడాదిలో వినైల్ కొన్నవారిలో రికార్డు ప్లేయరు ఉన్నది సగం మందికే.