ప్రవేశానికి తేదీ ఉండేది, విడుదలకు లేదు

"ఎర్రగడ్డకు పంపించాలి" అన్న మాటను మనవారు పరిహాసంగా వాడుతుంటారు. ఆ పరిహాసం వెనుక ఒక పాత భయం దాగి ఉన్నది. లోపలికి వెళ్ళినవారు తిరిగి రారన్నదే ఆ భయం. దానికి వ్యాధి ఎంత కారణమో, చట్టమూ అంతే కారణం.

మేము వైద్యవిద్య అభ్యసించిన రోజులలో 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టమే అమలులో ఉండేది. భర్తో, భార్యో, బంధువో అర్జీ పెట్టుకుంటే, ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు చూసి మేజిస్ట్రేటు ఉత్తర్వు జారీ చేసేవారు. రోగిని ఎంతకాలం ఉంచవచ్చునో ఆ ఉత్తర్వులో గడువు ఉండేది కాదు. వ్యాధి నయమైనా, తీసుకువెళ్ళేవారు లేక అక్కడే వృద్ధులైనవారు ఎందరో.

1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. మేజిస్ట్రేటు ప్రమేయం లేకుండా, బంధువుల కోరికపై రోగిని చేర్చుకుంటే 90 రోజులు మించరాదని అది విధించింది. మేజిస్ట్రేటు ఉత్తర్వుల పద్ధతి మాత్రం కొనసాగింది. నేరమేమీ చేయని మానసిక రోగులను జైళ్ళలో ఉంచడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో తీర్పు చెప్పినదీ 1993లోనే.

అయినా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, అనుమతి లేని ఒక ఆశ్రమపు పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన రోగులు పారిపోలేక దహనమైపోయారు. 28 మంది మరణించారు.

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. రోగి సమ్మతి లేకుండా చేర్చుకోవాలంటే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు చేయాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు మానసిక వైద్యులై ఉండాలి. గడువు 30 రోజులు. ఈ సంగతిని ఆసుపత్రివారు సమీక్షా మండలికి 7 రోజులలోగా, స్త్రీలు, మైనర్ల విషయంలో 3 రోజులలోగా తెలియజేయాలి. రోగి స్వయంగా ఆ మండలికి అప్పీలు చేసుకోవచ్చు. మండలి 7 రోజులలో నిర్ణయం చెప్పాలి. ఉచిత న్యాయసహాయం పొందే హక్కు కూడా ఉన్నది. 30 రోజులు దాటి ఉంచాలంటే మండలి ఆమోదం తప్పనిసరి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉన్నది: కుటుంబం లేదనో, కుటుంబం అంగీకరించడం లేదనో ఏ రోగినీ ఆసుపత్రిలోనే ఉంచివేయరాదు.

తీవ్రమైన ఉన్మాదంలో బలవంతపు చికిత్స ప్రాణాలను నిలుపుతుంది. వైద్యునిగా ఆ అవసరాన్ని నేను కాదనను. అయితే మీ ఇంటివారిని అలా చేర్పించవలసి వచ్చిన నాడు రెండు ప్రశ్నలు అడగండి: "గడువు ఏనాటితో ముగుస్తుంది? మండలికి తెలియజేశారా?" ఆ గడువు నాటికి వారిని ఇంటికి తీసుకువెళ్ళడానికి మీరు అక్కడ ఉండండి. చట్టం తలుపు తెరవగలదు. ఆ తలుపు వద్ద మనిషి కోసం ఎదురుచూడవలసినది మనమే.