పని వచ్చినా కార్డు రాలేదు (పని చరిత్రలు – 9)

అమెరికాలో ఎలక్ట్రీషియన్ కావాలంటే ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నాలుగైదేళ్లు అప్రెంటిస్‌గా ఉండాలి. పగలు సైటులో సీనియర్ పక్కన కూలికి పని, సాయంత్రం చాలా ఊళ్లలో కమ్యూనిటీ కాలేజీలోనే పాఠాలు: లెక్కలు, ప్లాన్ చదవడం, భద్రతా నియమాలు. పూర్తి పనివాడి కూలిలో సగం దగ్గర మొదలై ఏటేటా పెరుగుతుంది. చివరికి చేతికి కార్డు వస్తుంది. ఆ సంపాదనతో ఇల్లు కొనుక్కున్నవాళ్లు, పిల్లల్ని పెద్ద చదువులు చదివించినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇదంతా చెబితే మా డిగ్రీ పిల్లలు, "అక్కడ చేతిపనికి గౌరవం ఉంది సార్" అంటారు. ఉంది. ఎవరి చేతికి అని అడిగితేనే చరిత్ర మొదలవుతుంది.

ఎందుకంటే ఆ అప్రెంటిస్ సీటు ఇచ్చేది కాలేజీ కాదు. యూనియన్లూ కాంట్రాక్టర్లూ కలిసి నడిపే కమిటీలు. 1960ల్లో అందులోకి వెళ్లాలంటే లోపల మీ నాన్నో మేనమామో ఉండాలి. కొడుకు, అల్లుడు, తమ్ముడి కొడుకు... అలా నిండిపోయేవి సీట్లు. నల్లవాళ్లు రాకూడదని రాసిపెట్టుకోవాల్సిన పనే లేదు. ఈ పద్ధతి మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా!

సియాటిల్ నగరంలో టైరీ స్కాట్ అనే నల్లజాతి ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మెరైన్. తండ్రిది చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టు వ్యాపారం. పని రాదని అతన్ని ఎవరూ అనలేరు. అయినా ప్రభుత్వ డబ్బుతో లేచే పెద్ద భవనాల దగ్గర అతనిలాంటివాళ్లకి చోటు లేదు. 1969లో నల్లజాతి కాంట్రాక్టర్లు, పనివాళ్లు కలిసి సైట్లు ఆపేశారు. వాషింగ్టన్ యూనివర్సిటీలో పని ఆగింది. విమానాశ్రయం మైదానంలోకే నడిచి వెళ్లారు. పోటీగా తెల్ల కార్మికులు కూడా ఊరేగింపు తీశారు. వాళ్లూ కూలీలే! అది చదివినప్పుడల్లా నాకు మన ఊళ్లే గుర్తొస్తాయి.

1970లో ఫెడరల్ జడ్జి విలియం లిండ్‌బర్గ్ ఆ యూనియన్లు వివక్ష చూపాయని తేల్చాడు. నల్లజాతి యువకుల కోసం ప్రత్యేక అప్రెంటిస్ కార్యక్రమాలు నడపమన్నాడు. తీర్పు వచ్చినంత మాత్రాన పిలుపు రాలేదు. దాన్ని అమలు చేయించడానికే స్కాట్ వాళ్లు యునైటెడ్ కన్‌స్ట్రక్షన్ వర్కర్స్ అసోసియేషన్ పెట్టారు. 1972లో మళ్లీ సైట్లు ఆపాల్సి వచ్చింది.

మన దగ్గర 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు అందులో స్థానాలు కేటాయించాలన్న సెక్షన్ 1973 సవరణతో గానీ చేరలేదు. చేరాక కూడా తాపీ, సెంట్రింగ్ పనులు నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మేస్త్రీ వెనక తట్టలు మోస్తూ నేర్చుకున్నవాళ్లే. మా మేనమామ ముప్పై ఏళ్లు సెంట్రింగ్ చేశాడు. గదుల కొలతలు చెబితే చాలు, స్లాబ్‌కి ఎంత ఇనుము పడుతుందో నోటిలెక్కన చెప్పేస్తాడు. పని వచ్చని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. కాబట్టి "ఐటీఐలు ఉన్నాయిగా, చేరొచ్చుగా" అనేవాళ్లని నేను అడిగేది ఒకటే: సర్టిఫికెట్ పట్టుకుని బయటికొచ్చిన పిల్లాడిని పనిలోకి పిలిచేది ఎవరు? వాళ్ల వరసలో మనవాళ్లు ఎంతమంది?

స్కాట్ ఆ ప్రశ్న దగ్గరే ఆగలేదు. 1973లో నల్లజాతి నిర్మాణ కార్మికులు, చేపల క్యానరీల్లో పనిచేసే ఫిలిపినోలు, పొలం కూలీలు కలిసి తమ కేసులు తామే నడుపుకోవడానికి ఒక న్యాయ కార్యాలయం తెరిచారు. క్యానరీల కథ వచ్చే భాగంలో.